నూట యాభై చదరపు అడుగుల పరువు

యాభై దాటిన మొగుడు ఒకరోజు భోజనాల దగ్గర తలెత్తి, "నేను విమానంలోంచి దూకడం నేర్చుకుంటాను" అంటే కంగారు పడకండి. అడ్డు చెప్పకండి. వీలైతే ఆయన ప్లేట్లో ఇంకో బంగాళదుంప వేయండి. మీ సంసారానికి మంచి రోజులు వచ్చాయి.

రెండేళ్ళ తర్వాత అదే మనిషి, "బోర్లా పడటం విసుగొచ్చింది, ఇకమీద తలకిందులుగా పడతాను" అన్నాడనుకోండి. అప్పుడైతే దేవుడికి దండం పెట్టుకోండి! ఆ విద్యని ఫ్రీఫ్లై అంటారు. కూర్చుని పడొచ్చు, నిలబడి పడొచ్చు, తల కిందా కాళ్ళు పైనా పెట్టి గంటకి నూట అరవై మైళ్ళ వేగంతో పడొచ్చు. పదమూడు వేల అడుగుల దగ్గర విమానం తలుపు దాటితే పారాచూట్ గొడుగు తెరిచేదాకా ఒక్క నిమిషం కూడా పట్టదు. ఆ నిమిషం కోసం వారమంతా మనిషి మంచివాడుగా ఉంటాడు. ఇంతకన్నా గొప్ప వరం ఏ ఇల్లాలికి దొరుకుతుంది?

నేను గాలి కబుర్లు చెప్పడం లేదు. ఇరవై రెండేళ్ళుగా ఈ అరిజోనా ఎడారిలో కాపురం చేస్తున్నదాన్ని. విమానాలెక్కి దూకే డ్రాప్‌జోన్ మా ఇంటికి పదకొండు మైళ్ళు. మా ఆయన ఓరిన్‌కి ఏసీలు బాగుచేసే పని. వారంలో ఐదు రోజులు జనం ఇళ్ళ కప్పులెక్కి జాగ్రత్తగా దిగుతాడు. మిగతా రెండు రోజులు దిగే పద్ధతి వేరు.

మొదటి లాభం, వినడం వచ్చింది. ఆయనకి ఫ్రీఫ్లై నేర్పే కెండ్రాకి ఇరవై ఆరేళ్ళు. ఇంచుమించు మా పెద్దమ్మాయి ఈడు. "గడ్డం పైకెత్తు. చేతులు ఆడించకు. నన్ను కాదు, దూరంగా చూడు" అంటుంది. చూస్తాడు. "నువ్వు మాట్లాడకు, నేను చెప్పేది విను" అంటుంది. వింటాడు! ఇదే మాట నేను మా పెళ్ళైన కొత్తలో అన్నాను. దాని ఫలితం ఇంకా రావలసి ఉంది.

పైగా హోంవర్క్ చేస్తాడు. ఒక సాయంత్రం వంటింట్లోంచి హాల్లోకి వచ్చి చూస్తే, సోఫాలో తల ఉండాల్సిన చోట కాళ్ళున్నాయి.

"లినెట్, నా మోకాళ్ళు తిన్నగా ఉన్నాయా?" అంది తివాచీ మీద ఉన్న తల.

"ఉన్నాయి. ఎడమ సాక్సుకి చిల్లుంది."

"అది కాదు అడిగింది. నడుం వంగిందా?"

"నీ నడుం నాకు కనిపించి చాలా ఏళ్ళయింది, ఓరిన్."

"జోకులొద్దు. కెండ్రా నడుం నిటారుగా పెట్టమంది."

మా కుక్క మాత్రం ఈ విద్యని మనస్ఫూర్తిగా ఆమోదించింది. దాని ఎత్తుకి మనిషి మొహం అందడం అదే మొదలు.

రెండో లాభం, బట్టలు మడతపెట్టడం వచ్చింది. అంటే మా బట్టలు కాదు. నైలాను గుడ్డ. దూకి వచ్చాక పారాచూట్‌ని మళ్ళీ సంచిలో కూరాలి కదా. దాని మీద మోకాళ్ళేసి పాకుతూ, అంచులు కలుపుతూ, గాలి వత్తుతూ నలభై నిమిషాలు పనిచేస్తాడు. చంటిపిల్లకి పొత్తిగుడ్డ చుట్టినంత ఒద్దికగా చుడతాడు. దుప్పటి మడతపెట్టమంటే మాత్రం ఉండ చుట్టి బీరువాలో కుక్కి, తలుపు తన్ని మూస్తాడు. తప్పులేదు. దుప్పటి తెరుచుకోకపోతే ఎవరికీ ఏమీ కాదు.

మూడోది జాగ్రత్త. తలకిందులుగా పడేవాడి సంచి మామూలు సంచి కాదండీ. తొడల పట్టీలు రెండూ కూర్చున్నప్పుడు మోకాళ్ళ మీదికి జారకుండా వెనక ఒక రబ్బరు తాడు కలపాలి. వీపు మీది మూతలు బిగుతుగా ఉండాలి. గొడుగుని బయటికి లాగే చిన్న గుడ్డ తన జేబులో గట్టిగా కూర్చోవాలి. ఇవన్నీ మా ఆయనకి పాఠంలా వచ్చు. మంచం మీద పరుచుకుని ఒక్కొక్క మూతా ఎత్తి, వదిలి, చెవి దగ్గర పెట్టుకుని దాని చప్పుడు వింటాడు. మా వంటింటి వెనక తలుపు గొళ్ళెం ఊడి మూడేళ్ళైంది. దానికి కుర్చీ అడ్డం పెట్టుకుంటున్నాం. ఆ తలుపులోంచి ఎవరూ దూకడం లేదు కాబట్టి తొందరేమీ లేదు.

ఇక స్నేహాల సంగతి. డ్రాప్‌జోన్‌లో ఎవరు ఏ పని మొదటిసారి చేసినా సాయంత్రం అందరికీ ఒక కేసు బీరు పోయించాలి. రాజ్యాంగం మారుతుందేమో గానీ ఈ చట్టం మారదు. ఓరిన్ మొదటిసారి కూర్చుని పడినందుకు ఒక కేసు, తలకిందులుగా నిలిచినందుకు ఒక కేసు. నిలిచానని సంబరపడుతూ కెండ్రా ముక్కు మీద తన్నినందుకు ఇంకొకటి. పెళ్ళైన పాతికేళ్ళలో మా ఇంటికి రాని స్నేహితులు ఇప్పుడు వాకిట్లో కుర్చీలేసుకుని కూర్చుంటున్నారు. వాళ్ళకి మాంసం కాల్చి పెట్టే భాగ్యం నాది.

ఇన్ని మంచి గుణాలు వచ్చాయి కదా, మరి లోటేమిటి అంటారా? ఒక్కటే. గొడుగు సైజు.

లోకంలో మగాడు దేన్ని గురించి గొప్ప చెప్పుకున్నా పెద్దదనే చెప్పుకుంటాడు. కారు, టీవీ, గాలానికి పడి తప్పించుకుపోయిన చేప. డ్రాప్‌జోన్‌లో మాత్రం ఎంత చిన్నదైతే అంత మొనగాడు! కొత్తవాడికి రెండొందల పది చదరపు అడుగుల గొడుగిస్తారు. అది మెల్లగా తేలుతూ దింపుతుంది. ఆరితేరినవాడు చిన్నదానికి మారతాడు. చిన్నది జోరుగా దిగుతుంది, కన్ను మూసి తెరిచేలోగా నేల వచ్చేస్తుంది. పోయిన ఏడు ఒకాయన తొందరపడి చిన్నది కొన్నాడు. పాపం ఇప్పుడు ఆయన రెండు చీలమండల్లోనూ స్క్రూలున్నాయి. అయినా పలకరించడానికి వెళ్ళినవాళ్ళు ముందడిగింది, "ఏ సైజు?" అని.

మా ఆయనవి రెండొందల పదిహేను దూకులు. కెండ్రా నూట తొంభై కొనుక్కోమంది. ఆమె ఏం చెప్పినా వినే మనిషి, ఆ ఒక్క మాటా వినలేదు. ఎందుకంటే ట్రెంట్ అనే కుర్రాడు తన పాత సెట్టు అమ్మకానికి పెట్టాడు. సంచీ గొడుగూ కలిపి. సైజు నూట యాభై.

"గురూ, నీ అంతవాడు రెండొందల పదితో తిరగడమేంటి?" అన్నాడు ట్రెంట్ మా వాకిట్లోనే, నేను కాల్చిన మాంసం తింటూ. "అది గొడుగా, సర్కస్ డేరానా? దిగేలోపు నీకు పెన్షన్ వస్తుంది."

అందరూ నవ్వారు. ఓరిన్ కూడా నవ్వాడు. ఆ నవ్వు చూడగానే నాకు అర్థమైంది, ఆదివారానికి నూట యాభై మా ఇంటికి వచ్చేస్తుందని.

ఆ రాత్రి పళ్ళు తోముకుంటూ లెక్క చెప్పాడు. "మనిషి బరువుని గొడుగు సైజుతో భాగించాలి. ఒకటింబావు దాటకూడదు. నాకు సరిగ్గా సరిపోతుంది."

"ఏ బరువు వేశావు?"

"నూట అరవై ఎనిమిది పౌండ్లు."

నూట అరవై ఎనిమిది మా పెళ్ళినాటి బరువు. ఆ రోజు కోటు అద్దెకి తెచ్చిన దుకాణం కూడా ఇప్పుడు లేదు. పైగా భాగించాల్సింది ఒంటి బరువు ఒక్కదాన్నే కాదు, సంచీ, హెల్మెట్, బూట్లు అన్నీ కలిపి. మిగతా లెక్కల్లో దారప్పోగు కూడా వదలని మనిషి, ఈ లెక్కలో పాతికేళ్ళు వదిలేశాడు. నేను దుప్పటి కప్పుకుని పడుకున్నాను. నాలాంటి దాని మాట వింటే ఇంత దూరం ఎందుకొస్తుంది?

ఆదివారం నేనూ వెంట వెళ్ళాను. ఏది కొన్నా ముందు ఒడెస్సాకి చూపించాలి. ఆమె పారాచూట్లు విప్పి, చూసి, కుట్టి, సంతకం పెట్టే రిగ్గర్. అరవై దాటిన మనిషి. అమెరికా దక్షిణాది రాష్ట్రాల నుంచి వచ్చింది, అందర్నీ నాయనా, తల్లీ అంటుంది. ఆమె గది గుమ్మం పక్కనే ఒక కాటా ఉంది. సరదాగా గురువుకి కట్టుకుని దూకడానికి వచ్చేవాళ్ళని దాని మీద తూచి, ఆ అంకె మార్కర్‌తో వాళ్ళ చేతి మీద రాసి పంపుతారు. మా దూకుడువీరులు మాత్రం రోజూ దాన్ని చుట్టుతిరిగి వెళతారు, తొక్కితే పేలుతుందేమో అన్నట్టు.

"నీ బరువెంత నాయనా?" అంది ఒడెస్సా, ట్రెంట్ సంచి బల్ల మీద తిప్పుతూ.

"నూట అరవై ఎనిమిది."

ఒడెస్సా కళ్ళజోడు మీదుగా చూసింది. "సంచి తగిలించుకుని కాటా ఎక్కు."

"బూట్లున్నాయి కదా."

"దూకేటప్పుడు విప్పుతావా?"

"పొద్దున చాలా తిన్నాను."

"ఆ టిఫిన్ని నేల మీద వదిలేసి వెళతావా నాయనా?"

చుట్టూ ఉన్న మగాళ్ళు నవ్వారు గానీ ఒక అడుగు వెనక్కి వేశారు. తర్వాత తమనే పిలుస్తుందేమోనని. ఓరిన్ ఎర్రబడ్డాడు. "ఆ కాటా తప్పు చూపిస్తుంది, అందరికీ తెలుసు" అని సంచి కోసం చెయ్యి చాపాడు. ట్రెంట్ అందించబోయాడు. మరో క్షణంలో బేరం అయిపోతుంది, వచ్చే శనివారం ఆ జేబురుమాలు కట్టుకుని మా ఆయన నేల మీదికి వస్తాడు.

నేను చేతిసంచి కుర్చీలో పెట్టి కాటా ఎక్కాను.

ఇక్కడ పాఠకులకి ఒక సంగతి తెలియాలి. నా బరువు నాకూ, మా డాక్టరుకీ తప్ప ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. డ్రైవింగ్ లైసెన్సు మీద ఉన్నది వేరే ఎవరిదో.

"నూట డెబ్బై ఒకటి" అని చదివింది ఒడెస్సా. ఆమెకి కాస్త చెవుడు, ఏది చదివినా మైదానం అంతటికీ వినిపిస్తుంది. నా చెయ్యి పట్టుకుని నల్ల మార్కర్‌తో పెద్దగా రాసింది కూడా. ఎవరూ నవ్వలేదు. నేను దిగి, "కాటా బాగానే ఉంది, ఓరిన్" అన్నాను.

ఆయన నా చేతి వంక చూశాడు. తర్వాత నా మొహం వంక. ఆ తర్వాత సంచి తగిలించుకుని, హెల్మెట్ పెట్టుకుని, ఉరికంబం ఎక్కినట్టు ఎక్కాడు.

"రెండొందల ముప్పై ఆరు!"

ఒడెస్సా పెన్సిలుతో భాగించి కాగితం ఆయన చేతిలో పెట్టింది. "ఇది నీకు గొడుగు కాదు నాయనా, చేతిగుడ్డ. దీంతో దిగితే నడిచి రావు, మోసుకొస్తారు." అని సంచి మూత కింద చిటికెనవేలు పెట్టింది. మూత లేచిపోయింది. "ఇదొకటి. తలకిందులుగా ఉన్నప్పుడు ఇందులోకి గాలి దూరితే గొడుగు దానంతటదే తెరుచుకుంటుంది. ఆ వేగంలో తెరుచుకుంటే మెడ ఏమవుతుందో ట్రెంట్ చెబుతాడు. చెప్పు నాయనా."

ట్రెంట్‌కి అప్పుడే ఎవరో ఫోన్ చేశారు.

చూశారా, వరం ఎలా పనిచేసిందో! అని ఇక్కడ ముగించవచ్చు. కానీ తన బరువు గురించి మా ఆయన ఎంత నిజం చెప్పాడో, ఈ వరం గురించి ఇంతసేపూ నేనూ అంతే నిజం చెప్పాను.

గేర్ కొనేటప్పుడు బరువడుగుతారు, ఎత్తడుగుతారు, ఎన్ని దూకులు దూకావని అడుగుతారు. కింద ఎవరు నిలబడతారని ఒక్కరూ అడగరు. దూకేవాడికేం, తను ఎక్కడున్నాడో తనకి తెలుసు. విమానంలోంచి పద్నాలుగు మంది దూకితే, మెడ వెనక్కి వాల్చి నేను పద్నాలుగు లెక్కపెట్టాలి. మొనగాళ్ళందరి గొడుగులూ నలుపే, బూడిదరంగే, అన్నీ ఒక్కలాగే ఉంటాయి. పన్నెండు వస్తాయి, పదమూడు వస్తాయి. పద్నాలుగోది తెరుచుకునేదాకా ఎవరి మొగుడు తెరుచుకోలేదో తెలియదు. ఆ కాసేపట్లో పక్కనున్న ఆడవాళ్ళం ఒకరి మొహం ఒకరం చూసుకోం. ఎందుకంటే మాలో ప్రతి ఒక్కదానికీ ఒకటే కోరిక, ఆ పద్నాలుగోవాడు వేరేవాళ్ళ మనిషి కావాలని.

"నూట తొంభై సైజుది ఒకటుంది నా దగ్గర, బిగుతైన సంచితో సహా" అంది ఒడెస్సా, పై అరలోంచి దించుతూ. "గుడ్డ కొత్తదే. రెండేళ్ళుగా ఎవరూ కొనలేదు, రంగు చూసి."

గులాబీ. మధ్యలో నిమ్మపచ్చ. అంచుల్లో నారింజ. పిల్లల పుట్టినరోజు కేకు మీద ఎవరో కూర్చున్నట్టుంది.

"ఘోరంగా ఉంది" అన్నాడు ఓరిన్.

"అవును. అదే కొందాం" అన్నాను.

ఏమనుకున్నాడో, నా చేతి మీది అంకె ఇంకోసారి చూసి తల ఊపాడు.

పోయిన శనివారం పదహారు మంది దూకారు. ఆ ఘోరం నాలుగోదో ఐదోదో తెరుచుకుంది. మిగతావి నేను లెక్కపెట్టలేదు. కుర్చీలో కూర్చుని నిమ్మరసం తాగాను.