కెమెరా మొఖానికి బొట్టు

దసరా వెళ్లిన ఆరో రోజు పొద్దున మహిపాల్ సారు వేసుకున్న పథకం చాలా చిన్నది. చాయ్ తాగాలి, మెయిల్ పంపాలి, ఎవరికీ చెప్పకూడదు. మొదటి రెండూ సజావుగానే జరిగాయి.

వనపర్తి జూనియర్ కాలేజీలో ఆయన ముప్ఫై ఏళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాడు. శాస్త్రవేత్త కాబోయి లెక్చరర్ దగ్గర ఆగిపోయిన మనిషి. అందుకే బ్రౌన్ డ్వార్ఫ్ అంటే ఆయనకు ప్రాణం. అది కూడా నక్షత్రం కాబోయి, బరువు చాలక ఆగిపోయిందే కదా! దాన్ని నేరుగా చూడటం కష్టం. ఒక నక్షత్రం దూరపు నక్షత్రానికి సరిగ్గా అడ్డం వస్తే, ముందుదాని బరువు వెనకదాని వెలుగును వంచి కొన్నాళ్లు ఎక్కువ చేసి చూపిస్తుంది. ముందుదానికి తోడుగా బ్రౌన్ డ్వార్ఫ్ ఉంటే, ఆ వెలుగును రోజూ కొలిచి గీసిన గీతలో ఇంకో చిన్న బొడిపె లేస్తుంది. ఒక్కసారే, మళ్లీ రాదు.

దేశదేశాల వాళ్లు కలిసి గమనిస్తున్న అలాంటి నక్షత్రాన్ని సారు కూడా రోజూ సాయంత్రం మిద్దె మీది టెలిస్కోపుతో ఫొటోలు తీశాడు. పక్క నక్షత్రంతో పోల్చి గీత గీశాడు. దసరాకు ముందు సద్దుల బతుకమ్మ నాటి ఫొటోలు, బతుకమ్మ ఆడే మైదానం లైట్లకు పాడయ్యాయని పక్కన పడేశాడు. దసరా నాడూ మర్నాడూ మాత్రం బొడిపె లేచింది! ఆ సంగతే పొద్దున ఆ దేశదేశాల వాళ్లకు మెయిల్ చేశాడు. రెండు నెలల్లో రిటైర్మెంట్. పరిశోధన పత్రంలో ఒక్కసారి తన పేరు చూసుకుంటే చాలు, ముప్ఫై ఏళ్ల మంట చల్లారుతుంది.

కానీ ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. "హఫీజ్ సార్, మీకొక్కరికే చెప్తున్న" అన్నాడు స్టాఫ్ రూంలో.

"అల్లా కసం, నా నోట్లకెల్లి బయటికి రాదు" అన్నాడు ఇంగ్లిష్ లెక్చరర్ హఫీజ్.

ఆ ఒట్టు పదకొండు నిమిషాలు నిలబడింది. ప్రిన్సిపాల్ కురుమూర్తి పరుగున వచ్చాడు.

"ఏంది సారూ, నక్షత్రం దొరికిందంట, మాకు చెప్పొద్దా? నాలుగింటికి సన్మానం. ఫ్లెక్సీ కొట్టిస్తున్న."

"నక్షత్రం కాదు సార్, దాని తోడు. ఇంకా ఖాయం కాలే..."

"ఫ్లెక్సీల గవన్నీ పట్టయి."

మధ్యాహ్నం ఈ వార్త విని పెబ్బేరు సంత నుంచి కిష్టయ్య అనే రైతు వచ్చి, పోయినేడు చచ్చిపోయిన తన ఎద్దు పేరు ఆ చుక్కకు పెట్టమని చేతులు పట్టుకున్నాడు. "పైన అడగాలె" అన్నాడు సారు గంభీరంగా. అప్పటికే ఆయన నడక మారిపోయింది. చూసేవాళ్లకే సిగ్గేసింది.

సభలో చూపిద్దామని మూడింటికి ఇంటికొచ్చి బీరువాలోంచి కెమెరా తీశాడు. రోజూ కళ్లద్దాలు లేకుండానే దాన్ని టెలిస్కోపుకు బిగించే గొప్పవాడు, ఈ రోజు సన్మానం కదా, పెట్టుకున్నాడు. కెమెరా అద్దం మూలన సగం రాలిన కుంకుమ బొట్టు కనిపించింది.

"జయా! గిదేంది?"

"ఆయుధ పూజ" అన్నది భార్య జయశ్రీ. "బండికి పెట్టిన, మిక్సీకి పెట్టిన, కుట్టుమిషన్‌కు పెట్టిన. నీ కెమెరాకు మొఖం యాడుందో తెల్వలే. అద్దం మెరుస్తుంటే గదే మొఖమనుకున్న. తిడ్తవని మూలకు చిన్నగ పెట్టిన."

సారు దసరా ఫొటోలు మళ్లీ తెరిచి చూశాడు. బొట్టు నీడ పడి పక్క నక్షత్రం మసకబారింది. దానితో పోల్చేసరికి తన నక్షత్రం వెలిగినట్టు కనిపించింది. మూడో రోజు ఆ వైపు కుంకుమ రాలగానే బొడిపె మాయమైంది. అయ్యో, పరువంతా పోయింది!

తప్పు ఒప్పుకుంటూ, పడేసినవాటితో సహా ఫొటోలన్నీ జతచేసి ఇంకో మెయిల్ పంపాడు. సభలో శాలువా కప్పకముందే మైకు లాక్కున్నాడు. "నేను కనిపెట్టింది మా ఇంటామె పెట్టిన బొట్టును. మన్నించుండ్రి."

"అయితే మా ఎద్దు పేరు?" అని వెనక నుంచి కిష్టయ్య అడిగాడు. ఇక ఎవరి నవ్వూ ఆగలేదు, సారుదీ ఆగలేదు.

సభ అయిన నాలుగో రోజు మెయిల్‌కు జవాబు వచ్చింది. దసరా ఫొటోలు పనికిరావట. కానీ ఆయన పాడయ్యాయన్న బతుకమ్మ నాటి ఫొటోల్లో నిజమైన బొడిపె ఉందట. ఆ సాయంత్రం మిగతా వాళ్లందరికీ మబ్బే. బ్రౌన్ డ్వార్ఫ్ ఉన్నట్టే ఉంది, పత్రంలో మీ పేరు ఉంటుంది అని రాశారు. సారు ఆ జవాబు మూడుసార్లు చదివి, కళ్లు తుడుచుకున్నాడు.

"నా బొట్టు లేకుంటే నువ్వా ఫొటోలు పంపుతుంటివా?" అన్నది జయశ్రీ.

అప్పటి నుంచి మహిపాల్ సారు తప్పనుకున్నవి నేరుగా పంపుతున్నాడు, ఒప్పనుకున్నవి మాత్రం జయశ్రీకి చూపించాకే పంపుతున్నాడు.