లాంజ్ తలుపు ముందు పెద్దల్లుడు

ఆ పొద్దున ఇంట్లో పొయ్యి వెలిగించకూడదని, ఊళ్లో కళ్లద్దాల షాపు నడిపే కళ్లజోళ్లాయన హుకుం జారీ చేశాడు. విమానం పదకొండింటికి. ఏడింటికల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి, ఎనిమిదింటికి లాంజ్‌లో మెత్తటి సోఫాల్లో కూర్చుని కడుపునిండా టిఫిన్ చేయాలి. అదీ ప్లాను.

"కనీసం కాఫీ అయినా తాగనివ్వండి," అంది భార్య.

"వద్దంటే వద్దు! అక్కడ నాలుగు రకాల కాఫీలుంటాయి. ఇక్కడే తాగేసి వెళ్తే అక్కడ ఏం తాగుతావ్, నా మొహమా?"

ఈ పంతం వెనక నాలుగేళ్ల మంట ఉంది. ఆయన తోడల్లుడు ఆసుపత్రులకు యంత్రాలు అమ్మే కంపెనీలో పనిచేస్తాడు. వారానికి రెండుసార్లు విమానం ఎక్కుతాడు కాబట్టి ఎయిర్‌లైన్స్ వాళ్లు అతన్ని గోల్డ్ మెంబర్ని చేసి, లాంజ్‌లోకి ఉచితంగా రానిచ్చేవాళ్లు. కుటుంబమంతా కలిసి ఎక్కడికి బయలుదేరినా, "మీరు కూర్చోండి అన్నయ్యా, నేనలా లాంజ్‌కి వెళ్లొస్తా" అనేసి మాయమయ్యేవాడు. గంట తర్వాత కాగితం రుమాలుతో మూతి తుడుచుకుంటూ వచ్చేవాడు. అత్తగారు ముప్పై ఏళ్లు హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసిన మనిషి. అలాంటి ఆవిడ గేటు దగ్గర ఇనుప కుర్చీలో నడుము పట్టుకుని కూర్చునేది. కిందటిసారి ఆవిడ లాంజ్ గాజు తలుపుకేసి చూసి, "లోపల ఎలా ఉంటుందో ఏమో" అంది. పెద్దల్లుడైన కళ్లజోళ్లాయనకు ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. "వచ్చేసారి మిమ్మల్ని నేనే చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్తానత్తయ్యా. తీసుకెళ్లకపోతే నేను పెద్దల్లుణ్ణే కాదు," అని అక్కడికక్కడే మాటిచ్చేశాడు.

మాటిచ్చాక తగ్గే రకం కాదు. బ్యాంకు వాళ్ల వెంటపడి రెండు నెలల క్రితం ప్రీమియం క్రెడిట్ కార్డు తెచ్చుకున్నాడు. నల్లగా నిగనిగలాడే కార్డు. దాంతో తనతో కలిపి ముగ్గురు లాంజ్‌లోకి వెళ్లొచ్చని బ్యాంకు కుర్రవాడు చెప్పాడు. గీతలు పడతాయని ఒక్కసారీ వాడలేదు. లెన్సులు తుడిచే గుడ్డలో చుట్టి, కళ్లజోడు డబ్బాలో దాచాడు. దాంతోపాటు నిబంధనల పుస్తకం కూడా వచ్చింది. షాపుకొచ్చిన ప్రతివాడిచేతా చార్టులో ఆఖరి వరుస దాకా చదివిస్తేగానీ వదలని మనిషి, ఆ పుస్తకానికి అట్ట మాత్రం చదివి పక్కన పెట్టాడు.

ఈసారి ప్రయాణం మరదలి ఇంటికి, అంటే ఆ తోడల్లుడి భార్య దగ్గరికే. ఆమె కొత్తగా ఇల్లు కొనుక్కుంది, చూసి రమ్మంది. "ఎయిర్‌పోర్టుల్లో మీరు తికమక పడతారు," అంటూ తోడల్లుడే వెంటబెట్టుకుని తీసుకెళ్లడానికి వచ్చాడు. ఆ ముక్కతో కళ్లజోళ్లాయనకు ఒళ్లు మరీ మండింది.

ఎనిమిదింటికి నలుగురూ లాంజ్ కౌంటర్ ముందు నిలబడ్డారు. ఆయన డబ్బా తెరిచి, గుడ్డ విప్పి, కార్డును రెండు వేళ్లతో అంచులు పట్టుకుని అందించాడు. కౌంటర్‌లోని అమ్మాయి దాన్ని గీకి, తెర చూసి, పెదవి విరిచింది.

"సారీ సార్. గత మూడు నెలల్లో ఈ కార్డు ఒక్కసారైనా వాడి ఉండాలి. మీరు అసలు వాడనేలేదు."

"జాగ్రత్తగా చూసుకోవడం కూడా నేరమేనా అమ్మా?"

"రూల్ సార్."

వెనకనుంచి తోడల్లుడు గొంతు సవరించుకున్నాడు. "పోనీలెండి అన్నయ్యా. నా మెంబర్‌షిప్ మీద ఒకరిని తీసుకెళ్లొచ్చు. అత్తయ్యగారూ, మీరు రండి."

అత్తగారు హ్యాండ్‌బ్యాగు భుజాన సర్దుకుంది. కళ్లజోళ్లాయన కార్డును మళ్లీ గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు. "నన్ను పిలిచింది పెద్దాయన," అందావిడ. "ఆయన పిలుపు మీదే వస్తాను. నువ్వెళ్లు నాయనా, నీకు ఆకలేస్తున్నట్టుంది."

తోడల్లుడికి నిజంగానే ఆకలేస్తోంది. రెండోసారి చెప్పించుకోకుండా లోపలికి వెళ్లిపోయాడు.

పెద్దల్లుడి ఛాతీ రెండంగుళాలు ఉబ్బింది. "వాడాలి, అంతేగా? ఇప్పుడే వాడతా!" అని ఎదురుగా తెరిచి ఉన్న ఒకే ఒక్క షాపులోకి దూసుకెళ్లాడు. అది చలవ కళ్లజోళ్ల షాపు. ఇరవై ఏళ్లుగా ఊళ్లో సగంమందికి కళ్లజోళ్లు అమర్చిన మనిషి, తన షాపులో అయితే ముట్టుకోనైనా ముట్టుకోని ఫ్రేము ఒకటి తీశాడు.

"ఈ చెవి కాడలు వారం ఆగవు. ఈ అద్దం మీద పూతే లేదు. దీనికి మూడింతల ధరా? దోపిడీ! సరే, కొంటాను, ఇవ్వు."

అమ్మేవాడు అయోమయంగా కార్డు గీకాడు. మరుక్షణం ఆయన జేబులో ఫోను మోగింది. బ్యాంకు నుంచి ఎవరో అమ్మాయి.

"సార్, మీ కార్డు మీద మొదటిసారి ఒక పెద్ద కొనుగోలు కనిపిస్తోంది. అది చేస్తోంది మీరేనా?"

"నేనే."

"కన్ఫర్మ్ చేసుకోవడానికి, మీ వృత్తి చెప్తారా?"

"కళ్లజోళ్ల షాపు."

"కొంటున్నది ఏంటి సార్?"

"కళ్లజోడు."

"కళ్లజోళ్ల షాపు పెట్టుకుని బయట కళ్లజోడు కొంటున్నారా సార్?"

"కొంటాను! నా ఇష్టం! పది కొంటాను! మధ్యలో నీకేంటి?"

"అలాగే సార్. మీ భద్రత కోసం ఈ కొనుగోలు ఆపేసి కార్డు బ్లాక్ చేస్తున్నాం. శుభదినం."

ఆయన ఉత్త చేతుల్తో తిరిగొచ్చి జరిగింది చెప్పాడు. భార్య నెత్తి పట్టుకుంది. "ఒక్క కాఫీ. పొద్దున్నే ఒక్క కాఫీ అడిగాను మిమ్మల్ని."

అత్తగారు మాత్రం చెక్కుచెదరలేదు. కౌంటర్ మీద రెండు వేళ్లతో టకటకమని కొట్టింది. ఆ చప్పుడుకు ఒకప్పుడు ఆరు సెక్షన్లు నోరు మూసుకునేవి. "ఏదమ్మా, ఆ రూలేదో కాగితం మీద చూపించు."

అమ్మాయి కంగారుగా ఒక అట్ట తీసిచ్చింది. అక్షరాలు చీమ తలకాయలంత ఉన్నాయి. ఆవిడ దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది, చివరికి పెద్దల్లుడికి అందించింది. "చదవండి బాబూ."

ఆయన చొక్కా జేబులోంచి భూతద్దం తీశాడు. ఆ అట్టను మొదటినుంచి చదువుకుంటూ పోయాడు. నాలుగో పేరా దగ్గర గొంతు పెరిగింది. "కార్డు కొత్తగా పొందినవారికి మొదటి మూడు నెలలు ఈ నిబంధన వర్తించదు! వర్తించదట! నాది రెండు నెలల కార్డు!"

గొడవ విని సూపర్‌వైజర్ పరుగున వచ్చాడు. తనూ చదివి, తల గోక్కున్నాడు. "నిజమే సార్. పొరపాటు మాదే. కార్డివ్వండి, ముగ్గురూ లోపలికి వెళ్లిపోండి."

కార్డు గీకారు. యంత్రం ఎర్రగా వెలిగింది.

"సార్, ఇది బ్లాక్ అయినట్టుంది," అన్నాడు సూపర్‌వైజర్ మెల్లిగా. "పది నిమిషాల క్రితం."

ఇంకొకరైతే తల దించుకుని గేటు దగ్గరికి నడిచేవాళ్లే. కళ్లజోళ్లాయన తల ఎత్తాడు. లాంజ్ గాజు తలుపుకు సరిగ్గా ఎదురుగా ఉన్న కుర్చీల వరుసలో అత్తగారిని కూర్చోబెట్టి, పక్కన తనూ కూర్చున్నాడు. భార్య విసవిసా వెళ్లి మూడు కాఫీలు, మూడు బన్నులు పట్టుకొచ్చింది. ముగ్గురూ లోపలున్నవాళ్లకేసి చూస్తూ తినడం మొదలుపెట్టారు.

కౌంటర్‌లోని అమ్మాయి మాత్రం తెర చూసి వచ్చినవాళ్లకు మళ్లీ అదే రూలు చెబుతోంది. అంతలో సూట్‌కేసుతో కొత్త దంపతులు కౌంటర్ నుంచి దిగాలుగా వెనక్కి వచ్చారు. "ఏమ్మా, కార్డు వాడలేదన్నారా?" అని అడిగాడాయన. "ఎన్ని నెలలైంది తీసుకుని? నెలన్నరేనా? వెళ్లి నాలుగో పేరా చదవమను!" వాళ్లు వెళ్లారు, లోపలికి దూరారు. తర్వాత ఒక ముసలాయన. తర్వాత ముగ్గురు కాలేజీ లెక్చరర్లు. ముప్పావు గంటలో ఆయన చుట్టూ చిన్న క్యూ తయారైంది. భూతద్దం చేతులు మారుతోంది. వరుస తప్పినవాళ్లను అత్తగారు కంటిచూపుతోనే సరిచేస్తోంది. లాంజ్‌లో కూర్చోవడానికి చోటు లేదు.

సూపర్‌వైజర్ చేతులు జోడించాడు. "సార్, దయచేసి ఇక్కణ్ణుంచి లేవండి."

"లోపలికి రావద్దన్నారు, రాలేదు. బయట కూర్చోకూడదని ఏ పేరాలో ఉందో చూపించండి. భూతద్దం నేనే ఇస్తా."

అత్తగారు మొహం తిప్పుకుని నవ్వుకుంది. నాలుగేళ్లలో ఆయనకు దక్కిన మొదటి నవ్వు అది. ఇక లాంజ్ ఎటు పోతే ఆయనకేం?

పదింబావుకి మైకులో ప్రకటన వచ్చింది. వాళ్ల విమానం గేటు మారింది, ఆ కొత్త గేటు అవతలి చివర ఎక్కడో ఉంది. తోడల్లుడికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. లోపలికి వెళ్లి చెప్పొస్తామంటే, ప్రవేశం లేనివాళ్లను పంపేది లేదని సూపర్‌వైజర్ కసిగా అన్నాడు. అయినా వారానికి రెండుసార్లు ఎగిరే మనిషికి దారి చెప్పేదేముంది? ముగ్గురూ సామాన్లు ఈడ్చుకుంటూ నడిచారు, ఎక్కారు, విమానం తలుపులు మూసుకున్నాయి. ముందు వరుసలో తోడల్లుడి సీటు ఖాళీగానే ఎగిరింది.

దిగి ఫోను తెరవగానే మెసేజ్ వచ్చింది. "అన్నయ్యా, సోఫాలో నిద్రపట్టేసింది. ఈ లాంజ్‌లో అనౌన్స్‌మెంట్లు వినిపించరట. విమానం తప్పినవాళ్లు ఉండకూడదని లోపల్నుంచి కూడా పంపేశారు. సాయంత్రం దాకా ఏ విమానమూ లేదు."

కళ్లజోళ్లాయన అది అత్తగారికి చదివి వినిపించాడు, ఒక్క అక్షరం వదలకుండా, రెండుసార్లు. ఆవిడ దారంతా పెద్దల్లుడి చేయి పట్టుకుని నడిచింది.

బయట మరదలు కారు దగ్గర ఎదురుచూస్తోంది. ముగ్గుర్నే చూసి కంగారుపడింది. "అమ్మా, మిమ్మల్ని తీసుకురావడానికని వచ్చారుగా, ఆయనేరీ?"

"ఆయన గోల్డ్ మెంబరు కదమ్మా," అంది అత్తగారు కారెక్కుతూ, "మాలాంటివాళ్లతో ఎలా వస్తాడు?"