కోడి నడిచిన రోజు

ఆ ఉదయం సోములమ్మ అనుకున్నది ఒక్కటే. ఎండెక్కకముందే కొండ మీది సామచేనుకు వెళ్ళి, చిలకలు మిగిల్చినదైనా కోసుకురావాలి. చేనుకు కాపలా ఉండవలసిన మనవడు బుధు, పక్క ఊరివాళ్ళతో చెడుగుడాడి కాలు విరగ్గొట్టుకుని, గుమ్మం దగ్గర మంచమెక్కాడు. వాడి తల్లీ తండ్రీ అస్సాం తేయాకు తోటలకు వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆమెకు మిగిలింది వీడు, వీడికి మిగిలింది ఒక కాలు.

ఎముకలు కట్టే సుక్రు గురువు పద్ధతి వేరు. కిందటి నెల బుధు కాలికి పసరు రాసి వెదురుబద్దలు కట్టిన రోజే, కాలు విరిగిన ఒక ఎర్రపెట్టకూ అదే పసరుతో కట్టు కట్టాడు. కోడి నడిచిన రోజున మనిషి నడవాలి. అంతదాకా వాడు మంచం దిగకూడదు, దానికి ఏమీ కాకూడదు.

"కోడిని సూసుకో. ఇంకేటీ సెయ్యక్కర్లేదు. అదైనా సెయ్యగలవా?" అంది సోములమ్మ కొడవలి తీసుకుంటూ.

"పొద్దల్లా కోడి మొగం సూత్తా కూకోవాలేటవ్వా?"

"నీ మొగం నేను సూత్తన్నానా లేదా?"

ఆమె అటు వెళ్ళగానే బుధు మేనమామ సోంబరు సాలూరు సంత నుంచి ఉప్పుమూటతో కొండెక్కి వచ్చాడు. చుట్టానికి కోడి కొయ్యకపోతే ఊళ్ళో తలెత్తుకోలేరు. బుధు ఇంటిపెద్దలా గొంతు సవరించుకుని, "పెరట్లో ఉన్నాయి, ఓటి పట్టు మామా" అన్నాడు. ఆ తర్వాత చెడుగుడులో తాను ఎవరెవరిని పడగొట్టిందీ చెప్పుకుపోతూ, కూర ఉడికేదాకా తల తిప్పి చూడలేదు. సోంబరు నడిచి నడిచి అలసిన మనిషి. పరుగెత్తలేని కోడినే పట్టాడు. కాలికి కట్టు చూసి, చుట్టాల కోసం ముందే కట్టి ఉంచారనుకుని మురిసిపోయాడు కూడా.

సోములమ్మ తిరిగొచ్చేసరికి సోంబరు తిని ఊళ్ళోకి వెళ్ళాడు. పొయ్యి పక్కన చిన్న వెదురుబద్దలు కనిపించాయి. ఆమె నెత్తి మీది సామమోపును నేల మీద పడేసింది.

"నీ కాలు నువ్వే వొండించుకు తిన్నావు కదరా."

సాయంత్రం గురువు కోడిని చూడడానికి వస్తాడు. నిజం తెలిస్తే బుధు కట్టు విప్పి, ఇంకో కోడితో పాటు మళ్ళీ మొదటి నుంచి కడతాడు. అది విప్పేనాటికి చేనులో గడ్డి తప్ప ఏమీ మిగలదు. ఆమె తిట్టుకుంటూనే ఇంకో ఎర్రపెట్టను పట్టుకుని, ఆ బద్దలే దాని కాలికి కట్టి, గురువు పైపైన చూసి పోతాడులే అని బుట్ట కింద పెట్టింది.

సుక్రు వచ్చి బుట్ట ఎత్తి పెట్ట కట్టు విప్పాడు. పెట్ట వాకిలి దాటి, కంచె ఎగిరి, పక్కింటి కప్పెక్కింది.

"బాగా అతికింది. లెగరా, రేపు సేనుకెల్లు" అన్నాడు గురువు.

సోములమ్మ మంచానికి అడ్డం వెళ్ళింది. అతకని కాలు మీద నిలబడితే వాడు జన్మంతా కుంటివాడే. బుధు అవ్వ ముఖం చూశాడు.

"అది నువ్వు కట్టిన కోడి కాదు గురువా. దాన్ని మామ కోసేసేడు. కొయ్యమన్నది నేనే. అవ్వ సూసుకోమంది, నేను సూడనేదు. మల్లీ కట్టు, పడుంటాను. సేనుకి కావాలంటే మంచంతో మోయించుకెల్లి కాపలా ఉంటాను."

సుక్రు పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ, "నాకు తెల్దేటిరా?" అన్నాడు. "దారిలో సోంబరు ఎదురై ఆకులో ఓ కాలు ఎట్టిచ్చేడు. కట్టిన కాలే. ఎముక కొరికి సూసేను, గట్టిగా అతికింది. లెగు."

బుధు లేచాడు. కాలు నిలిచింది. సోములమ్మ కళ్ళు తుడుచుకుని, చిలకల్ని కొట్టే ఒడిసెల తెచ్చి వాడి చేతిలో పెట్టింది. మర్నాడు ఎవరూ లేపకుండానే వాడు చేనుకు బయలుదేరాడు.

సోంబరు ఇంకొన్నాళ్ళు ఉంటానన్నాడు. సోములమ్మ మిగిలిన కోళ్ళన్నిటినీ ఒకసారి పరుగెత్తించి చూసుకుంది.