చల్లటి బానెట్

ఆదివారం ఉదయం ఆరున్నరకు వెళ్ళి, కారు బానెట్ మీద చెయ్యి పెట్టి చూసి, చల్లగా ఉంటే బేరం ఖాయం చేసుకుని, ఎనిమిదికల్లా తిరిగొచ్చి కుట్టుమిషను ముందు కూర్చోవాలని టైలరు అనుకున్నాడు. అందులో కష్టమేమీ అతనికి కనిపించలేదు.

కారు సరదాకి కాదు. కొత్త ఆసుపత్రివాళ్ళు వార్డులన్నిటికీ కర్టెన్లు కుట్టే పని ఇస్తామన్నారు. మొదటి విడత శనివారం పదింటికల్లా అందాలి, తరవాత వారం వారం పంపాలి, సొంత బండి ఉంటేనే పని అన్నారు. పదిహేనేళ్ళలో ఆ కొట్టు గడప తొక్కిన పెద్ద పని అదొక్కటే. టైలరు తాహతుకు తగ్గ బండి కూడా ఊరంతా వెతికితే ఒక్కటే దొరికింది. అది, ధర రాసిన బోర్డు తగిలించి అమ్మకానికి పెట్టిన, రిటైరైన పోస్టుమాస్టరుగారి పన్నెండేళ్ళ డీజిలు కారు.

బస్సు డిపోలో మెకానిక్కుగా చేసే బావమరిది ముందురోజే పాఠం చెప్పాడు.

"పాత డీజిలింజను వేడి మీదుంటే ఎంత పాడైందైనా స్టార్టవుతుంది బావా. రాత్రంతా ఆగి చల్లబడ్డాక ఒక్క తిప్పుకి అందుకుందా, అదీ బండి. అందుకే అమ్మేవాళ్ళు ముందే వేడిచేసి పెడతారు. చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా ఉందా, నోరెత్తకుండా వచ్చెయ్. మాట్లాడావో, నీ మొహమాటానికి బండీ అంటగడతారు, ఇంట్లో మూలపడ్డ బీరువా కూడా అంటగడతారు."

"నువ్వే వెళ్ళి చూడరాదట్రా?" అంది అతని అక్క, టైలరు భార్య.

"పొద్దున బస్సులన్నీ బయల్దేరేదాకా డిపో వదలడానికి లేదక్కా. ఒక్క నోరు మూసుకోవడమేగా, బావ ఆ మాత్రం చెయ్యలేడా?"

టైలరు పౌరుషం పొడుచుకొచ్చింది. గుండీలు కొనడానికి వెళ్ళి, కొట్టువాడికి కాదనలేక డజను గొడుగులు మోసుకొచ్చిన మనిషి అతను. ఈసారి మాత్రం పెదవి విప్పకూడదని గట్టిగా నిశ్చయించుకున్నాడు.

ఆదివారం పోస్టుమాస్టరుగారు అప్పుడే వీధి చివరికి వెళ్ళి పాలు తెచ్చుకుని కారు ఆపారు. టైలరు నమస్కారం పెట్టి, బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. గోరువెచ్చగా ఉంది. తల అడ్డంగా ఊపి, మళ్ళీ నమస్కారం పెట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

"ఏమైంది బాబూ? తాళం ఇస్తాను, నడిపి చూడరాదూ?" అని పోస్టుమాస్టరుగారు గేటు దాకా వెంటపడ్డా వెనక్కి తిరగలేదు.

"బండి వాడకుండా మూలపడేశాం అనుకున్నాడేమోనండీ," అంది కిటికీలోంచి చూస్తున్న ఆయన భార్య. "సరిగ్గా వేడెక్కలేదుగా మరి. మళ్ళీ వస్తే బాగా వేడిచేసి చూపిద్దురుగాని."

మంగళవారం టైలరు ఇంకా ముందుగా, అయిదున్నరకే వెళ్ళాడు. మళ్ళీ ఎప్పుడొస్తాడోనని రోజూ చీకటితోనే లేస్తున్న పోస్టుమాస్టరుగారు అప్పటికే అరగంట నుంచి ఇంజను నడుపుతున్నారు. బానెట్ బాగా వేడిగా ఉంది. టైలరు ఈసారి తల ఊపడంతో ఆగలేదు, నిట్టూర్చాడు కూడా.

"ఇదీ చాలలేదే వీడికి!" అన్నారు పోస్టుమాస్టరుగారు. ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో చిరునామా సరిగా లేని ఉత్తరాన్ని కూడా చేర్చకుండా వదలని మనిషి ఆయన. చేతికొచ్చిన కొనుగోలుదారుణ్ణి వదులుతారా?

గురువారం నాలుగున్నరకు టైలరు చీకట్లో పిల్లిలా అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళేసరికి ఇంజను బడబడలాడుతోంది. ఎదురింటావిడ పొగకు దగ్గుతూ కిటికీలు మూసుకుంటోంది. బానెట్ మీద వేడి పోకుండా రెండు దుప్పట్లు కప్పి ఉన్నాయి. మఫ్లరు చుట్టుకున్న పోస్టుమాస్టరుగారు స్టీరింగు వెనక నుంచి, "రా బాబూ రా! ఇవాళ చూడు!" అని గర్వంగా పిలిచారు.

టైలరు దుప్పటి ఎత్తి చెయ్యి పెట్టాడు. చురుక్కుమంది. "అబ్బా!" అన్నాడు. అప్పటిదాకా ఆ ఇంటి ముందు అతను అన్న మాట అదొక్కటే.

"ఎంత మోసగాడే! నేనెప్పుడొస్తే అప్పటికి వేడి చేస్తున్నాడు," అన్నాడు, భార్య అరచేతికి మందు రాస్తుంటే.

"పోనీ, ఎందుకలా చేస్తున్నారని అడగలేకపోయారా?"

"అడిగితే బీరువా కొనాల్సొస్తుంది."

శనివారం వచ్చేసింది. కర్టెన్ల మూటలన్నీ కట్టి వరండాలో పెట్టారు. ఇక భార్య కూడా అతనితో పోస్టుమాస్టరుగారింటికి బయల్దేరింది. టైలరు కట్టు కట్టిన చేతిని వెనక్కి పెట్టుకుని, రెండో చెయ్యి బానెట్ మీద వేశాడు. మంచుముక్కలా ఉంది. ఇంకోచోట వేశాడు. అక్కడా చల్లగానే ఉంది. బావమరిది మాటా, వారం రోజుల మౌనమూ గాలికెగిరిపోయాయి.

"చల్లగా ఉంది! తీసుకుంటున్నాం!" అని అరిచి, డబ్బు కవరు పోస్టుమాస్టరుగారి చేతిలో కుక్కేశాడు.

ఆయన తెల్లబోయారు. "బాబూ, చల్లగా ఎందుకుందంటే, అది స్టార్టవడం లేదు. నీకోసం వేడి చేసీ చేసీ గురువారానికే ట్యాంకులో చుక్క మిగల్లేదు."

"నాకోసమా?"

"చల్లగా ఉందనేగా వచ్చినప్పుడల్లా అలా మొహం మాడ్చుకుని వెళ్ళిపోయావు?"

"వేడిగా ఉందని వెళ్ళానండీ!"

కిటికీలోంచి పోస్టుమాస్టరుగారి భార్య నవ్వు ఆగకుండా వినిపించింది. టైలరు భార్య మాత్రం నవ్వలేదు. అప్పటికి ఎనిమిదిన్నర. ఆమె వెంటనే తమ్ముడికి ఫోను చేసింది.

డ్యూటీ దిగిన బావమరిది తొమ్మిదికి డీజిలు డబ్బాతో ఊడిపడ్డాడు. ట్యాంకులో పోసి, ఖాళీ గొట్టాల్లో చేరిన గాలి పోయేదాకా చేత్తో పంపు కొట్టి, తాళం తిప్పాడు. రెండు రోజులుగా చల్లబడ్డ ఇంజను ఒక్క తిప్పుకి అందుకుంది. పొగ లేదు, వణుకు లేదు. బావమరిది చెవి పెట్టి విని, "బంగారం లాంటి బండి," అన్నాడు. అంతలోనే కవరు సంగతి తెలిసి అంతెత్తున లేచాడు.

"స్టార్ట్ చేసి చూడకుండా ఎవరైనా డబ్బు చేతిలో పెడతారా బావా? అసలు ఆయన్ని ఒక్క మాట అడిగుంటే పోయేదిగా? బుర్ర ఇంట్లో పెట్టి వచ్చావా?"

టైలరు దగ్గర గట్టి జవాబే ఉంది. కానీ టైము తొమ్మిదింపావు, మూటలింకా ఇంటి వరండాలోనే ఉన్నాయి, ఆసుపత్రి అరగంట దూరం, ఇంటిల్లిపాదిలో కారు తోలడం వచ్చింది బావమరిది ఒక్కడికే.