నలభై మంది పేల్చిన కొండ

ఒక పెద్ద అడవిలో కోతులు గెంతడం మానేశాయి. సినిమా హీరోలయ్యాక వాటికి అంత ఖర్మేమిటి? నడుముకి తీగ కట్టి పైకి లాగేవారు. తర్వాత ఎలుగుబంటి స్టూడియోలో కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లు ఆ తీగని ఒక్కో ఫ్రేములోనూ తుడిచేసేవారు.

అక్కడ ఉద్యోగాలున్నాయని తెలిసి నక్క ఒక ఇన్‌స్టిట్యూట్ తెరిచింది. ‘ఆరు నెలల్లో గ్రాఫిక్స్ నేర్పి ఉద్యోగం ఇప్పించబడును’ అని బోర్డు పెట్టింది. నలభై మంది చేరారు. నక్కకి కంప్యూటర్ ఆన్ చేయడం వచ్చు. మాస్టారికి అంతకు మించి ఏం వచ్చని ఆ అడవిలో ఎవరూ అడగలేదు.

చేరినవాళ్లలో ముత్యాలు అనే ఉడుత ఉంది. కాకి కొట్లో వేరుశెనక్కాయలు ఒలిచే పని మానేసి వచ్చింది. ఉద్యోగం రాకపోతే మళ్లీ ఆ కొట్టుకే పోయి కాకి చేత మాటలు పడాలి.

“తీగ తుడవడం ఎప్పుడు నేర్పిస్తారు సార్?” అని అడిగింది.

“అది కూలిపనమ్మా. నువ్వు ఆర్టిస్టువి. కొండలు పేల్చాలి,” అంది నక్క.

నాలుగో నెలలో నక్క తలా ఒక షోరీల్ చేతిలో పెట్టింది. ఉద్యోగానికి వెళ్లినప్పుడు మన పనితనం చూపించుకునే వీడియో అన్నమాట. ఆ పనితనం ఎవరిదని మాత్రం అడక్కండి. అందరిదీ ఒకటే. కొండ పేలుతుంది, పొగ లేస్తుంది. మొదట వచ్చే పేరు మాత్రం ఎవరిది వాళ్లదే.

ఇంటర్వ్యూలకి ఎలుగుబంటి స్వయంగా వచ్చింది. ముందు నెమలి రీల్ చూసింది.

“ఇది నువ్వే చేశావా?”

“నేనే సార్. రెండు నెలలు కంటి మీద కునుకు లేదు.”

తర్వాత అడవిపంది వచ్చింది. అదే కొండ, అదే పొగ, కునుకు లేకపోవడం కూడా అదే. ఆరు నెలలు పోగొట్టుకున్న పిల్లల మీద నాకు జాలే గానీ, ఆ అబద్ధాలు వింటే ఒళ్లు మండుతుంది.

పదో కొండ పేలాక ఎలుగుబంటి కళ్లద్దాలు తీసింది.

“ఈ కొండ పేల్చింది నేను నాన్నా, ఓ పాత సినిమా కోసం. కింద మూలన మా స్టూడియో గుర్తు కూడా అలాగే ఉంది చూడు.”

“ఇన్‌స్పిరేషన్ సార్,” అంది నక్క.

ముత్యాలు వంతు వచ్చింది. రీల్ నడిచింది, కొండ పేలింది. ఎలుగుబంటి తెరకి దగ్గరగా జరిగింది.

“గుర్తేదమ్మా?”

“తుడిచేశానండీ. ఆ కొండ నేను చేసింది కాదు. దాని మీద నా పేరు చూసుకుంటే సిగ్గేసింది. అందులో ఏదో ఒకటి నా చేత్తో చేద్దామని మూలన గుర్తు తుడిచాను. పొగ కదులుతోంది కదండీ, అక్కడ పొగంతా మళ్లీ వేయాల్సొచ్చింది. రెండు నెలలు పట్టింది.”

ఎలుగుబంటి ఆ మూలని మూడుసార్లు చూసింది.

“సరుకు దొంగదే గానీ పని నీది. సోమవారం వచ్చి చేరు,” అంది.

మిగతా ముప్పై తొమ్మిది మందీ నక్క మీద పడ్డారు. అది బోర్డు చంకన పెట్టుకుని పక్క అడవికి పారిపోయింది. అక్కడ ఆ బోర్డు మీద ముత్యాలు ఫొటో వేయించి, ‘మా విద్యార్థిని’ అని రాయించుకుంది.

ఇందులో నీతి ఏమిటంటే, తుడవడం చేతకానివాళ్లు ఒకరి పని కాజేయకూడదు.