ఏడో నంబరు రాయి

ఈ ఏడాది ఆఖరుకల్లా ధ్రువ సముద్రాన్ని ప్రతి ఇంటి గుమ్మంలోకీ తెచ్చి తీరుతానని సముద్ర వ్యవహారాల మంత్రిగారు ప్రకటించారు. అంటే ఇళ్లు మునుగుతాయా అని వెనక వరసలోంచి ఒక విలేకరి అడిగాడు. అది విధానపరమైన ప్రశ్న, ఇప్పుడే చెప్పలేం అని పీఆర్వో జవాబిచ్చాడు. అందరూ శ్రద్ధగా రాసుకున్నారు.

మంత్రిగారు మాట తప్పే మనిషి కాదు. ఇంతకు ముందు ఆయన మురుగుకాలవల శాఖ చూశారు. ఆ ఆరేళ్లూ ఏ ఫైలు వచ్చినా ముందు చివరి పేజీ తిప్పేవారు. అక్కడ రెండు ఫొటోలుండాలి. 'పనికి ముందు' అన్నదాంట్లో కాలవ నిండా నాచూ చెత్తా, 'పని తర్వాత' అన్నదాంట్లో కాలవ అద్దంలా. రెండూ ఉంటే సంతకం, లేకపోతే ఫైలు వెనక్కి. మధ్య పేజీలు చదువుతూ కూర్చోబట్టే పాత ప్రభుత్వం పడిపోయిందని ఆయన గట్టి నమ్మకం. ఆయన్ని సముద్రానికి మార్చినప్పుడు, నీళ్ల అనుభవం ఉన్న నాయకుడు దొరకడం సముద్రం చేసుకున్న అదృష్టమని పత్రికలు రాశాయి.

అయితే గుమ్మంలోకి తేవలసిన ఆ సముద్రం, పరిశోధన సంస్థ మూడో అంతస్తులో, ఫ్యాను సరిగ్గా తిరగని ఒక ఎడిటింగ్ గదిలో, చేపలమ్మ కంప్యూటర్లో ఉంది.

చేపలమ్మ మంచు కింద ఈదుతూ కెమెరా పట్టే శాస్త్రవేత్త. అసలు పేరు జీతాల సెక్షనుకి తప్ప ఎవరికీ గుర్తులేదు. తను తీసేవి చేపలు కావు బాబూ, స్పాంజీలూ సముద్రపు సాలీళ్లూ అని మొదటి రెండేళ్లు చెప్పి చూసింది. తర్వాత నోరు నొప్పి పుట్టి మానేసింది.

ఈసారి పదమూడు వారాలు అక్కడే ఉంది. మంచుకి బావిలా కన్నం కొట్టి, అందులోంచి దిగి, వేళ్లు కొయ్యబారేదాకా తీసి, నలభై ఒక్క నిమిషాల సినిమా తెచ్చింది. అందులో ముప్ఫై ఏడు నిమిషాలు బాగుంటాయి. మిగతా నాలుగు నిమిషాల కోసమే ఆమె అంత దూరం వెళ్లింది.

ఆ సముద్రం అడుగున పరిశోధన కోసం పన్నెండు రాళ్లకి నంబర్లు వేసి ఉన్నాయి. పదేళ్ల క్రితం ఏడో నంబరు రాయిని ఆమె మాస్టారు రెండు నిమిషాలు తీశారు. పసుపు స్పాంజీలు, గులాబీ రంగు పగడాలు, నక్షత్రచేపలు, పెళ్లివారి విడిదిలా ఇసుకేస్తే రాలనంత జనం. అదే రాయిని, అదే కోణంలో, ఈ ఏడాది చేపలమ్మ రెండు నిమిషాలు తీసింది. బోడి రాయి. నీళ్లు మాత్రం తేటగా ఉన్నాయి. పైన మంచు పలచబడింది. అది పట్టుకుని ఉంచాల్సిన మంచుకొండలు కదిలిపోయి, అడుగంతా గీరుకుంటూ వెళ్లాయి. మిగతా పదకొండు రాళ్ల మీద ఇంకా ప్రాణం ఉంది.

జనం ఈ నాలుగు నిమిషాలు చూడాలి. చూస్తే అడుగుతారు, అడిగితే ఆ పదకొండైనా మిగులుతాయి. చేపలమ్మ లెక్క అంతే. శాఖ ఈ సినిమా ఒప్పుకోకపోతే వచ్చే ఏడాది యాత్ర లేదని కూడా ముందే చెప్పారు.

మాస్టారు రోజూ ఫోన్ చేస్తున్నారు. నలభై ఏళ్లు చన్నీళ్లలో మునిగీ మునిగీ ఆయన చెవులు పూర్తిగా పోయాయి. ఫోనులో ఆయన చెప్తారు, అవతలివాళ్లు వింటారు.

"తల్లీ! ఏం కోసినా కొయ్యనీ. ఆ నాలుగు నిమిషాలు మాత్రం పోనివ్వకు. జనానికి అర్థమైందని చూశాకే నేను పోతాను!"

"అలా అనకండి మాస్టారూ."

"ఆఁ, అదే నేనూ అంటున్నా," అని పెట్టేశారు.

సినిమా చూడ్డానికి పీఆర్వో వచ్చాడు. రెండో నిమిషంలో ఆపమన్నాడు.

"ధ్రువం అన్నారు. పెంగ్విన్ ఏదమ్మా?"

"పెంగ్విన్లు మంచు మీద ఉంటాయండీ. నేను మంచు కింద ఉన్నాను."

"ఒక్కసారి పైకి వచ్చి తీసుకుని మళ్లీ దిగాల్సింది. సరే, కానీండి... ఆగండాగండి, ఇదేంటి?"

"జెల్లీఫిష్ అండీ. మీటరు వెడల్పు. ఇంత దగ్గరగా ఎవరూ..."

"గొడుగు! ప్రతిపక్షం గుర్తు! మూడు నిమిషాలు తెర నిండా తెరుచుకుంటూ, మూసుకుంటూ! మా ఉద్యోగాలు ఉండాలా వద్దా?"

జెల్లీఫిష్ పోయింది. పని గంటల్లో నీళ్లలో వెల్లకిలా తేలుతూ ఆవలించిన సీలు, ఉద్యోగ సంఘాలు నొచ్చుకుంటాయని పోయింది. సముద్రపు సాలీడులో మగదే గుడ్లు మోస్తుందని తెలిసి, కుటుంబ వ్యవస్థ దృష్ట్యా అదీ పోయింది. సాయంత్రానికి నలభై ఒకటి కాస్తా పదకొండైంది. చేపలమ్మ ప్రతి కోతకీ తలూపింది. ఏడో నంబరు రాయి వచ్చేసరికి మాత్రం కుర్చీలోంచి లేచి మానిటర్‌కి అడ్డంగా నిలబడింది.

"ఇది కొయ్యనివ్వను."

"సరే, దీని సంగతి సారే తేలుస్తారు," అన్నాడు పీఆర్వో. "ముందు సార్ సీను తియ్యాలి కదా."

"సార్ సీనేంటి?"

"మంత్రిగారు లేకుండా ధ్రువ సముద్రమేంటమ్మా, విడ్డూరం కాకపోతే!"

మంత్రిగారికి విమానం పడదు, చలి పడదు, ఈత రాదు. ఇన్ని అవరోధాలున్నా సాహస యాత్రకి ఆయన వెనుకాడలేదు. స్టేడియం ఈతకొలనులో పిల్లలు నేర్చుకునే వైపు, నాలుగడుగుల లోతులో ధ్రువ సముద్రాన్ని నిర్మించారు. ఫ్యాక్టరీ నుంచి రెండు లారీల ఐసు దిమ్మలు వచ్చాయి. వెనక థర్మోకోల్ కొండ. గట్టు మీద పెంగ్విన్ తొడుగులో శాఖ డ్రైవరు.

డైవింగు సూటు మంత్రిగారి పొట్ట దగ్గర ఆగిపోయింది. నలుగురు పట్టి ఎక్కించారు. మాస్కు పెడితే మీసం కనపడ్డం లేదని మంత్రిగారే గమనించారు. మాస్కు తీసేశారు. నీళ్లలో తల ముంచితే సందేశం వినపడదు కాబట్టి ముంచలేదు. ఆ విధంగా ఆయన మోకాళ్లు వంచి, మెడ లోతు దాకా సముద్ర గర్భంలో నిలబడి, చేయి చాచి, "ప్రజలారా! ఈ చీకటి లోతుల్లో..." అన్నారు. ఎండకి కళ్లు చికిలించాల్సి రావడంతో పదకొండు టేకులయ్యాయి.

మధ్యాహ్నం రెండింటికల్లా ధ్రువ సముద్రం కరిగిపోయింది.

"ఏమ్మా, వాతావరణ మార్పంటే ఇదేనా?" అని మంత్రిగారు అడిగారు.

"అదే సార్!" అంది చేపలమ్మ. మంత్రిగారి మాటకి నిజాయితీగా అవునని చెప్పే అవకాశం ఆమెకి ఉద్యోగంలో అదే మొదటిసారి. "పైన మంచు పోతే కొండలు కదులుతాయి సార్. కదిలి అడుగంతా గీరేస్తాయి. నా దగ్గర నాలుగు నిమిషాలుంది. ఒక్కసారి మీరు చూస్తే..."

మంత్రిగారు ఒళ్లు తుడుచుకుంటూ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. పదేళ్ల నాటి రాయి వచ్చింది. ఆయన మొహం చిట్లించారు. ఈ ఏడాది రాయి వచ్చింది. తువ్వాలు చేతిలో ఆగిపోయింది.

"మళ్లీ వెయ్యి."

మళ్లీ వేసింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రెండూ ఒకటే రాయా?"

"ఒకటే సార్."

"ఒకటే కోణమా?"

"సెంటీమీటరు తేడా లేదు సార్."

"ఇన్నాళ్లూ ఇది దాచుకుని, ఆ పురుగూ పుట్రా చూపించావేంటమ్మా?" మంత్రిగారు తువ్వాలు పక్కన పడేశారు. పీఆర్వో వైపు తిరిగి, "ఒక్క ఫ్రేము తగ్గినా ఊరుకోను. నా సీను కావాలంటే కొయ్యండి," అన్నారు.

చేపలమ్మ ల్యాప్‌టాప్ మూసి గుండెకి హత్తుకుంది. ఇంత మంచి మనిషిని ఇన్నాళ్లూ ఆడిపోసుకున్నందుకు సిగ్గేసింది. ఇంటికి వెళ్తూ దారిలోనే మాస్టారికి మెసేజ్ పెట్టింది: "బతికాం మాస్టారూ. నాలుగు నిమిషాలూ ఉన్నాయి."

ప్రదర్శన రోజు హాలు కిటకిటలాడిపోయింది. మొదటి వరసలో చేపలమ్మ, పక్కన ఇస్త్రీ చొక్కాలో మాస్టారు. తెర మీద మంత్రిగారు మెడ లోతున నిలబడి మాట్లాడారు, పెంగ్విన్ చప్పట్లు కొట్టింది. తర్వాత ఏడో నంబరు రాయి వచ్చింది. మొదటి రెండు నిమిషాలు. రెండో రెండు నిమిషాలు. జనం కుర్చీల్లో ముందుకు వంగారు. మాస్టారు చేపలమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

దీపాలు వెలగకముందే మంత్రిగారు మైకు అందుకున్నారు.

"చూశారా? కళ్లారా చూశారా? మొదటిది పాత ప్రభుత్వంలో సముద్రం అడుగు. పదేళ్ల కిందటి మాట. ఎంత దారుణం! ఏవేవో మొలిచి, ఏవేవో పాకి, కాలు పెట్టే చోటుందా? ఆక్రమణలు కాకపోతే ఏంటివి? ఇక రెండోది మన ప్రభుత్వంలో. అదే రాయి, అదే కోణం! ఒక్క పురుగైనా ఉందేమో చెప్పండి! తళతళలాడుతోంది! వీధులు ఊడ్చిన ప్రభుత్వాలున్నాయి. సముద్రం అడుగు గీకించిన ప్రభుత్వం ఎక్కడైనా ఉందా?"

హాలు దద్దరిల్లిపోయింది.

చేపలమ్మ ఒక్క ఉదుటున లేచింది. "సార్, అది శుభ్రం కాదు! అవన్నీ చచ్చిపో..."

"అదిగో, ఆవిడే!" అన్నారు మంత్రిగారు. "గడ్డకట్టే నీళ్లలో పదమూడు వారాలు దిగి, స్వహస్తాలతో శుభ్రం చేసిన వీరనారి! లేచి నిలబడింది, చూడండి!"

జనం కూడా లేచి నిలబడ్డారు. ఆమె ఇంకా ఏదో అరుస్తూనే ఉంది కానీ, చప్పట్లలో అది ఆనందంగానే కనిపించింది. పీఆర్వో పూలగుత్తి తెచ్చి నోటికి అడ్డంగా పెట్టాడు. ఫొటో బాగా వచ్చింది.

ఆవిడ కూలబడేసరికి మాస్టారు భుజాలు కదిలిపోయేలా ఏడుస్తున్నారు. ఆయనకి మైకు వినపడదు. తెర చూశారు, జనాన్ని చూశారు, అంతే.

"అర్థమైంది తల్లీ," అన్నారు ముక్కు తుడుచుకుంటూ. "అందరికీ అర్థమైంది. ఎలా లేచారో చూశావా! ఇక ఆ పదకొండింటికీ భయం లేదు."

చేపలమ్మ ఆయన మొహంలోకి చూసింది. చెప్పాలంటే కాగితం మీద రాసి చెప్పాలి. సంచిలో పెన్నుంది. ఆమె సంచి జిప్పు మూసేసింది.

సరిగ్గా వారానికి శాఖ నుంచి ఉత్తర్వూ, ఒక పార్సిలూ వచ్చాయి. మంత్రిగారి ప్రభుత్వంలో కాగితం ఇంత వేగంగా కదలడం ప్రశంసనీయం. 'ఏడో నంబరు రాయిని ఆదర్శప్రాయంగా శుభ్రపరచినందుకు అభినందనలు. వచ్చే ఏడాది యాత్ర మంజూరు చేయడమైనది. లక్ష్యం: మిగిలిన పదకొండు రాళ్లు. ప్రతి రాయికీ పనికి ముందు, పని తర్వాత చిత్రాలు తప్పనిసరి.'

ఫోన్ మోగింది.

"యాత్ర ఇచ్చారటగా, పార్సిలు కూడా వచ్చిందటగా, ఆఫీసువాళ్లు ఇప్పుడే మెసేజ్ పెట్టారు! నే చెప్పలా?" మాస్టారి గొంతులో ఇరవై ఏళ్లు తగ్గిపోయాయి. "చెప్పవే, ఏం పంపారు? కొత్త కెమెరానా?"

ఆమె జవాబు చెప్పినా ఆయనకి వినపడదు. పార్సిలు తెచ్చినతను సంతకం కోసం పుస్తకం చాపి, బ్రష్షులు సరిపోయాయో లేదో చూసుకోమన్నాడు.

చేపలమ్మ లెక్కపెట్టింది. పదకొండు ఉన్నాయి.