నెట్ పీకేసిన మేనేజరు

ఆ పొద్దున్న మొండమ్మ మాంచి హుషారుగా ఆఫీసుకొచ్చింది. ముందురోజు మేనేజరు ఇంటర్నెట్ పీకేసి, "వెతుక్కోకుండా ప్రోగ్రాం రాయడం మీలో ఒక్కరికైనా వచ్చా?" అన్నాడు. "నాకొచ్చు. రేపు నాలుగింటికల్లా లైబ్రరీ వాళ్ల ప్రోగ్రాం బాగుచేసి ఇస్తా" అందీవిడ. ఇవ్వలేకపోతే ఆ పని మేనేజరు మేనల్లుడికి పోతుంది. మూడేళ్లుగా కంటికి రెప్పలా చూసుకున్న పని, ఎలా వదులుకుంటుంది? ఇవాళ తీసుకున్న పుస్తకం నిన్ననే తిరిగివ్వాలని చూపిస్తోంది ఆ ప్రోగ్రాం. తేదీల సంగతి చూసుకోవడానికి అది రాసిన కంప్యూటర్ భాష మాన్యువల్ మొత్తం ఇంట్లోనే పెన్‌డ్రైవులోకి దించుకొచ్చింది.

పెన్‌డ్రైవు పెట్టి ఫైలు నొక్కగానే స్పీకర్లలోంచి గురక మొదలైంది. సాక్షాత్తూ మొగుడి గురక. డాక్టరుకు వినిపించాలని ఆవిడే రికార్డు చేసింది. మాన్యువల్‌దీ గురకదీ రెండు పెన్‌డ్రైవులూ ఒకే రంగు, తారుమారయ్యాయి.

"పట్టపగలు నిద్రేంటయ్యా, ఎవరది?" అంటూ మేనేజరు గదిలోంచి వచ్చి బల్లల కింద కూడా వెతికాడు.

ఇంతలో మొగుడు ఫోన్ చేశాడు. "ఏమోయ్, డాక్టరుగారి కంప్యూటర్లో నా గురక బదులు నీ పుస్తకమేదో వచ్చింది."

"మూసెయ్యకండి. తేదీల పేజీ తీసి చదవండి."

"ఇక్కడ పేషెంట్లున్నారు."

"ఉండనివ్వండి. నాలుగింటికి నా పని పోతుంది."

ఆయన చదవడం మొదలుపెట్టాడు. "చుక్క... కామా... ఇదేదో మీసంలా ఉందోయ్."

"మీసమనే చదవండి."

కాసేపటికి ఫోన్లో గొంతు మారింది. "అమ్మా, మీవారు లైన్లకి లైన్లు వదిలేస్తున్నారు. నాకవతల పది జతల చెవులు చూసే పనుంది. నేనే చదువుతాను, రాసుకోండి" అన్నాడు డాక్టరు.

మూడున్నరకి తేదీలు దారిలో పడ్డాయి. మేనేజరు మొహం మాడ్చుకుని చూసి, "సరే, లైబ్రరీకి పంపించు" అన్నాడు.

"దేంట్లో పంపను? నెట్ పీకేశారుగా."

ఆయన వెళ్లి తీగ తగిలించాడు. నెట్ డబ్బా పాస్‌వర్డ్ అడిగింది. ఎవరూ దొంగతనంగా వాడకూడదని నిన్న ఆయనే మార్చాడు, ఆయనే మర్చిపోయాడు. మర్చిపోతే ఏం చెయ్యాలో డబ్బా కింద రాసుంది: వివరాలకు మా వెబ్‌సైటు చూడండి.

మొండమ్మ ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుంది. "లైబ్రరీ రెండు వీధుల అవతలేగా. నడిచెళ్లి ఇచ్చొస్తా. కాళ్లకి నెట్ అక్కర్లేదు" అని మెట్లు దిగింది.

పాస్‌వర్డ్ మర్చిపోతే ఏం చెయ్యాలో అడగడానికి మేనేజరు మేనల్లుడికి ఫోన్ చేశాడు.

"ఒక్క నిమిషం మావయ్యా, నెట్‌లో చూసి చెప్తా" అన్నాడు వాడు.